‘ఉత్తదే’ అనకండి

శంషాబాద్‌లో విమానాశ్రయం ప్రహరీ కనిపించేంత దూరంలో ఒక ఊళ్లో ఉంటుంది ఆ పెద్దమ్మ. ఏళ్ల తరబడి మా ఇంటికి పాలు పోసిన మనిషి. 2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి ఇటు మారినప్పటి నుంచీ రోజూ ఆమె నెత్తి మీదుగానే పోతున్నాయి. వాటిని ఆమె ఇప్పటికీ గాలిమోటర్లనే అంటుంది. చప్పుడు విని లేచేదా దిగేదా చెప్పేస్తుంది. కానీ ఒక్కదాంట్లోనూ కాలు పెట్టలేదు. కిందటి ఎండాకాలం ఆమె మనవడూ నేనూ కలిసి ఆమెను హైవే మీదున్న ఒక మాల్‌కు తీసుకెళ్లాం. పై అంతస్తులో, ఆటల మెషీన్ల గోల మధ్య, తొమ్మిది కుర్చీల పెట్టె ఒకటి ఉంది. ముందు పెద్ద తెర, తెర మీద రోలర్ కోస్టర్ పట్టాలు, కుర్చీల కింద ఊగే వేదిక. పెద్దమ్మ కొంగు బొడ్లో దోపుకుని, చెప్పులు బయటే విడిచి, గుళ్లోకి పోయినట్టు పోయి కూర్చుంది.

అయిదు నిమిషాలకు బయటికొచ్చి గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. “కడుపుల సల్లగైంది బిడ్డా” అంది. మనవడు నవ్వాడు. “నాయనమ్మా, అది ఉత్తదే. కుర్చీలు ఊపుతరు, గంతే. ఉన్న జాగల నుంచి జరుగనే లేదు నువ్వు.” ఆమె ఒక క్షణం ఆలోచించి అంది: “నువ్వు ఉత్తదంటున్నవ్ గని, నా కడుపు అంటలేదు కద.”

ఈ వ్యాసం ఆ పెద్దమ్మ పక్షాన రాస్తున్నాను.

‘ఉత్తదే’ అన్న మాట ఆ పిల్లవాడొక్కడిది కాదు. చదువుకున్నవాళ్లు దాన్నే ఇంకాస్త మర్యాదగా అంటారు. మెదడును మోసం చేసే పెట్టె అంటారు. మాల్ వాళ్లు జేబులు ఖాళీ చేయించడానికి పెట్టిన గారడీ అంటారు. రావిర్యాలలో వండర్‌లా ఉండగా, అందులో అసలు సిసలు రోలర్ కోస్టర్ ఉండగా, ఈ బొమ్మ కోస్టర్‌కు డబ్బు పెట్టడమేంటని నిలదీస్తారు. ఇదే మాటను ఇంకో రకంగా అనే వాళ్లూ ఉన్నారు: ఎక్కడికీ పోని బండికి ప్రమాదమేంటి, దానికి రూల్సెందుకు అని. మొదటి వాళ్లు ఈ రైడును చులకన చేస్తారు, రెండో వాళ్లు దాని దగ్గర జాగ్రత్త మరుస్తారు. ఇద్దరూ నిలబడ్డది ఒకే మాట మీద. ఆ మాట తప్పని నా వాదన. ఆ కదలిక నిజం. దాన్ని శరీరం నమ్మడం నిజం. నమ్మినందుకు వచ్చే ఆనందం ఎంత నిజమో, రాగల హాని కూడా అంతే నిజం.

మోసం అన్న మాటతో మొదలుపెడతాను. మన చెవి లోపల, వినికిడికి సంబంధం లేని ఒక చిన్న ఏర్పాటు ఉంది. మూడు అర్ధచంద్రాకారపు గొట్టాలు, వాటిలో ద్రవం. తల తిరిగితే ఆ ద్రవం కదిలి ఎటు తిరిగామో చెబుతుంది. వాటి పక్కనే రెండు సంచులు, వాటిలో సున్నపు రేణువులు. ముందుకు దూకినా, వెనక్కి పడినా, పైకి లేచినా, కిందికి జారినా ఆ రేణువులు కింది వెంట్రుకల్ని లాగి మెదడుకు కబురు పంపుతాయి. ఈ రేణువులకు ఒక పరిమితి ఉంది. తల వెనక్కి వాల్చినప్పుడూ, కూర్చున్న బండి ఒక్కసారిగా ముందుకు ఉరికినప్పుడూ అవి ఒకే తీరుగా జరుగుతాయి. రెంటికీ తేడా వాటికి తెలీదు. నిజానికి భౌతికశాస్త్రానికీ ఆ తేడా లేదు. భూమి లాగడం, బండి తొయ్యడం ఒకచోట కూర్చున్నవాడికి ఒకటేనన్నది ఐన్‌స్టీన్ తన సాధారణ సాపేక్షతకు పునాదిగా పెట్టుకున్న మాట.

సిమ్యులేటర్ అనే ఈ పెట్టె చేసే పని ఇంతే. తెర మీద బండి దూసుకుపోతుంటే కింద వేదిక మెల్లగా వెనక్కి వాలుతుంది. భూమ్యాకర్షణ మనల్ని వీపు మీదికి నొక్కుతుంది. వేగం పెరిగితే వీపు మీద పడే ఒత్తిడి ఇదే. ముప్ఫై డిగ్రీలు వాల్చితే మన బరువులో సరిగ్గా సగం వీపు మీద పడుతుంది. ఆ ఒత్తిడిని ఎవరూ కల్పించలేదు, కొలిచి చూసుకోవచ్చు. తర్వాత వేదిక మళ్లీ సమంగా రావాలి కదా, ఆ రావడం మన చెవికి అందనంత నిదానంగా వస్తుంది. ఈ తంత్రమంతా ఆ నిదానంలోనే ఉంది. మంచి యంత్రానికీ చెడ్డ యంత్రానికీ తేడా తెలిసేది కూడా అక్కడే. చెడ్డది వెనక్కి వచ్చేటప్పుడు దొరికిపోతుంది, మనకు కుదుపు తెలుస్తుంది, ‘కుర్చీ ఊపుతున్నారు’ అనిపిస్తుంది.

కంటి సంగతి మీకందరికీ అనుభవమే. ఉమ్దానగర్ స్టేషన్‌లో ఆగిన రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాం, పక్క పట్టాల మీద రైలు కదిలింది, మనమే కదిలామని గుండె ఝల్లుమంది. అది ఎవరి మోసం? పక్క రైలుదా? చూపు నిండా ఒక దృశ్యం జరిగిపోతుంటే మనం కదులుతున్నామని నమ్మడం కంటికి పుట్టుకతో వచ్చిన గుణం. దీని మీద ఎర్న్‌స్ట్ మాఖ్ 1875లోనే రాశాడు. 1894లో శాన్‌ఫ్రాన్సిస్కో సంతలో ‘హాంటెడ్ స్వింగ్’ అని ఒక ఉయ్యాల పెట్టారు. మనుషులు కూర్చున్న ఉయ్యాల దాదాపు కదలదు, చుట్టూ ఉన్న గది మొత్తం గిర్రున తిరుగుతుంది. కూర్చున్నవాళ్లు తలకిందులైపోతున్నామని కడ్డీలు గట్టిగా పట్టుకున్నారు. బయటికొచ్చాక సరిగ్గా నడవలేని వాళ్లూ ఉన్నారని చూసినవాళ్లు రాశారు.

ఉత్తదైతే కళ్లెందుకు తిరిగాయి? ఉత్తదైతే మాల్‌లో ఆ పెట్టె దిగిన పిల్లల్లో ఒకరిద్దరు వాంతి ఎందుకు చేసుకుంటారు? కన్ను ఒకటి చెప్పి చెవి ఇంకోటి చెబితే శరీరం తిరగబడుతుంది. ఘాట్ రోడ్డు మీద బస్సులో తల వంచి ఫోన్ చూసేవాడికి వచ్చే వికారం కూడా ఇదే. సిమ్యులేటర్‌లో వికారం వచ్చిన పైలట్లను అమెరికా నౌకాదళం వెంటనే అసలు విమానం ఎక్కనివ్వదు. శరీరం ఇంకా ఆ కదలికలోనే ఉంటుందని వాళ్లకు తెలుసు. మన దగ్గర మాత్రం అదే పెట్టె దిగిన మనిషి తిన్నగా పార్కింగ్‌కు వెళ్లి, స్కూటర్ తీసి, వెనక పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీదికి వచ్చేస్తాడు. ఉత్తదే కదా మరి!

పైలట్ల మాట వచ్చింది కనుక శంషాబాద్‌కే వస్తాను. ఇక్కడి రన్‌వే పొడవు నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. చీకటి రాత్రి, ముందు దీపాల్లేని దిక్కుకు విమానం లేచిందనుకోండి. వేగం పెరుగుతున్న కొద్దీ పైలట్ చెవిలోని రేణువులు వెనక్కి జరుగుతాయి. విమానం ముక్కు విపరీతంగా పైకి లేస్తోందని అతనికి అనిపిస్తుంది. ఆ భ్రమను నమ్మి ముక్కును కిందికి నొక్కిన విమానాలు నేలను తాకాయి. 2000 ఆగస్టులో బహ్రెయిన్ దగ్గర సముద్రంలో పడిన గల్ఫ్ ఎయిర్ విమానంలో 143 మంది పోయారు. ఆ రాత్రి కెప్టెన్‌ను ఈ భ్రమే దారి తప్పించి ఉండొచ్చని దర్యాప్తు తేల్చింది. మాల్‌లోని పెట్టె మనకు చెప్పే ‘అబద్ధం’ ఇదే. అక్కడ ఒరగడం వేగంలా తోస్తుంది, ఇక్కడ వేగం ఒరగడంలా తోచింది. నూట నలభై ముగ్గురి ప్రాణాలతో ముడిపడ్డ సంగతిని మాల్‌లో కనబడగానే ‘పిల్లలాట’ అని కొట్టిపారేయడం ఎక్కడి న్యాయం?

ఇక ఆట వేరు, పని వేరు అనే వాళ్లకు ఒక చరిత్ర చెప్పాలి. అమెరికాలో బింగ్‌హామ్‌టన్ అనే ఊళ్లో ఎడ్విన్ లింక్ అని ఒకతను ఉండేవాడు. తండ్రిది పియానోలు, ఆర్గన్లు తయారుచేసే కార్ఖానా. ఆర్గన్‌లో తోలు తిత్తులు గాలి పీల్చి వదిలితే స్వరం వస్తుంది. లింక్‌కు విమానం నడపాలని కోరిక, పాఠాలకేమో ఖర్చెక్కువ. ఆ తిత్తుల మీదే చిన్న విమానం పెట్టెను కూర్చోబెట్టి, గాలితో దాన్ని ఒరిగేట్టు, లేచేట్టు, వాలేట్టు చేశాడు. 1929లో పేటెంటుకు దరఖాస్తు పెట్టినప్పుడు దానికి అతను ఇచ్చిన పేరు తెలుగులో చెప్పాలంటే: వైమానిక విద్యార్థుల శిక్షణకూ వినోదానికీ కలిపి పనికొచ్చే పరికరం. చూడండి, ఒకే పేరులో రెండూ ఉన్నాయి. మొదట కొన్నది ఎవరు? సైన్యం కాదు, అమ్యూజ్‌మెంట్ పార్కులు. జనం నాణెం వేసి కాసేపు ఎగిరి దిగేవారు. ఆనాటి పెద్దమనుషులు కూడా దాన్ని ఆటబొమ్మే అన్నారు.

1934లో అమెరికా ప్రభుత్వం విమానాల్లో ఉత్తరాలు మోసే పని సైన్యానికి అప్పగించింది. మబ్బులో, మంచులో, రాత్రిపూట కేవలం పరికరాలు చూసి నడపడం ఆ పైలట్లకు రాదు. కొన్ని వారాల్లోనే డజను మంది దాకా చచ్చిపోయారు. అప్పుడు సైన్యం దిగివచ్చి ఆ ‘ఆటబొమ్మలు’ ఆరు కొన్నది, ఒక్కోటి 3,500 డాలర్లకు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి లక్షల మంది వైమానికులు ఆ నీలం పెట్టెలో కూర్చుని నేర్చుకున్నవాళ్లే. ఆ తర్వాత ఆరు కాళ్ల వేదికలు వచ్చాయి. డన్‌లప్ కంపెనీలో ఎరిక్ గాఫ్ టైర్లు పరీక్షించడానికి అలాంటిది 1950లలోనే కట్టాడు, 1965లో స్టీవర్ట్ అనే ఆయన విమాన సిమ్యులేటర్లకు ఆ పద్ధతిని ప్రతిపాదించాడు. పైలట్ల కోసం చేసిన ఆ వేదికనే తీసుకుని 1987 జనవరిలో డిస్నీలాండ్ ‘స్టార్ టూర్స్’ రైడు తెరిచింది. సంతలో పుట్టిన బిడ్డ సైన్యంలో పెరిగి మళ్లీ సంతకు వచ్చింది. మన మాల్‌లో ఊగే తొమ్మిది కుర్చీలది ఈ వంశమే.

హైదరాబాదుకు ఈ వంశంతో బంధుత్వం పాతదే. ఇండియన్ ఎయిర్‌లైన్స్ తన పైలట్లకు శిక్షణ ఇచ్చే సెంట్రల్ ట్రైనింగ్ ఎస్టాబ్లిష్‌మెంట్‌ను ఈ నగరంలోనే పెట్టింది. దేశంలో తలపండిన కెప్టెన్లు ఎందరో ఇక్కడి సిమ్యులేటర్లలో ఇంజన్ ఆగిపోవడం చూసి, చెమటలు పట్టి, మళ్లీ మొదలుపెట్టినవాళ్లే. 1993లో ఇక్కడ పుట్టిన జెన్ టెక్నాలజీస్ సైన్యానికీ పోలీసులకూ సిమ్యులేటర్లు తయారుచేస్తుంది. విమానాశ్రయానికి అవతల మహేశ్వరం హార్డ్‌వేర్ పార్కులో దాని ప్రాంగణం ఉంది. ఈ రోజు విమానయానంలో ఒక పద్ధతి ఉంది: అనుభవమున్న పైలట్ కొత్త రకం విమానానికి మారేటప్పుడు, అత్యున్నత స్థాయి సిమ్యులేటర్‌లో శిక్షణ మొత్తం పూర్తిచేసుకుని, ఆ విమానాన్ని మొట్టమొదటిసారి నడపడం నేరుగా ప్రయాణికులతోనే నడపొచ్చు. అంటే శంషాబాద్‌లో మీరెక్కిన విమానాన్ని నడుపుతున్న మనిషి అంతకుముందు దాన్ని నిజంగా ఎగరేసి ఉండకపోవచ్చు. ఊగే పెట్టెలో ఎగరేశాడు. మీరు ధీమాగా బెల్టు పెట్టుకుని నిద్రపోయారు. అతను నేర్చుకున్నది ఉత్తదని ఎవరైనా అంటారా?

వండర్‌లా వాదనకు వస్తాను. 2016 నుంచీ రావిర్యాలలో ఆ పార్కు ఉంది. అక్కడి రీకాయిల్ కోస్టర్ ఎక్కితే ముందుకు పోతూనూ, వెనక్కి వస్తూనూ తలకిందులు చేస్తుంది. నేను ఎక్కాను, నాకు ఇష్టం. ఆ బరువు, గాలి ముఖానికి కొట్టడం, సీట్లో నుంచి లేచిపోయి పట్టీకి వేలాడే ఆ అరక్షణం ఏ పెట్టే ఇవ్వలేదు. ఇది ఒప్పుకోకపోతే నాది వాదనే కాదు. నాలుగు అడుగుల మేర కదిలే వేదికకు మన బరువును రెట్టింపు చేసే శక్తి లేదు, బరువు లేకుండా చేసే శక్తీ లేదు. అయితే దాన్నిబట్టి ఇది నకిలీ అయిపోదు, ఇంకోటి అవుతుంది. తోలుబొమ్మలాట నాటకానికి నకిలీ కాదు కదా.

పైగా ‘ఎక్కడికీ పోదు’ అని ఈ పెట్టెను ఎగతాళి చేసేవాళ్లను ఒకటి అడగాలి. రోలర్ కోస్టర్ మాత్రం ఎక్కడికి పోతుంది? బయల్దేరిన చోటికే వచ్చి ఆగుతుంది. జాతరలో రంగులరాట్నం ఎక్కడికి పోతుంది? నుమాయిష్‌లో కొలంబస్ ఓడ ఏ అమెరికాను కనుక్కుంది? వీటిని కనిపెట్టిందే పోవడానికి కాదు, పోతున్నట్టు ఉండడానికి. ఆ లెక్కన ఇవన్నీ ఒక ఇంటి బిడ్డలే, తెర ఉన్న బిడ్డను మాత్రం దొంగ అనడం అన్యాయం. 1991లో ఆదిత్య 369 సినిమా చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఒకచోట నిలబడి ఊగిన పెట్టెలో కూర్చుని ఒక తరం పిల్లలంతా శ్రీకృష్ణదేవరాయల కొలువుకు పోయి వచ్చారు. అప్పుడు మనల్ని మోసం చేశారని సింగీతం శ్రీనివాసరావు మీద ఎవరమూ కేసు పెట్టలేదు.

ఇంకో సంగతి. వండర్‌లాకు పోవాలంటే ఒక పూట కాదు, రోజంతా కావాలి, టికెట్ తలకు వెయ్యి దాటుతుంది, కుటుంబంతో పోతే ఆ నెల బడ్జెట్టే తారుమారవుతుంది. ఎత్తు చాలని పిల్లల్ని పెద్ద కోస్టర్ ఎక్కనివ్వరు, ఎక్కనివ్వకూడదు కూడా. మాల్‌లో రెండు మూడు వందలతో అయిదు నిమిషాలు. రాజేంద్రనగర్, కొత్తూరు, షాద్‌నగర్ దిక్కు నుంచి ఆదివారం సాయంత్రం వచ్చే కుటుంబాలను చూశాను. విమానాశ్రయంలో లోడింగ్ పనిచేసే తండ్రి, రోజూ విమానాల కడుపులోకి పెట్టెలు ఎత్తే మనిషి, కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ కుర్చీల్లో మొదటిసారి ‘టేకాఫ్’ అవుతాడు. ఆ పిల్ల అతని చెయ్యి పట్టుకుంటుంది. ఎవరి చేతిలోనూ ఫోన్ ఉండదు. తెరల వ్యసనం అని గొంతు చించుకునే వాళ్లు ముందు ఈ తేడా చూడాలి. ఫోన్ తెర మనిషిని ఒంటరిని చేసి గంటలు తినేస్తుంది. ఇక్కడ తొమ్మిది మంది ఒకేసారి కేక వేస్తారు, అయిదు నిమిషాలకు లైట్లు వెలిగి బయటికి పంపించేస్తారు.

అలాగని ఆ అంతస్తులో ఉన్న ప్రతి మెషీన్‌కూ నేను వకాల్తా పుచ్చుకోలేదు. ఇనుప గోళ్లతో బొమ్మ పట్టుకోమని ఊరించేవి, టికెట్లు కక్కించి వాటికి ప్లాస్టిక్ బహుమతి ఇచ్చేవి, వాటి గురించి తల్లిదండ్రుల కోపం న్యాయమైనదే. పిల్లలకు పందెం రుచి చూపించే మెషీన్లవి. సిమ్యులేటర్ పెట్టెల మీద ‘7డి’, ‘9డి’, ‘12డి’ అని రాసుకోవడం కూడా నాకు నచ్చదు. పొడవు, వెడల్పు, ఎత్తుకు మించి వాళ్లు కలిపింది కుర్చీ ఊగడం, మొహం మీద గాలి, నాలుగు నీటి చుక్కలు, కాళ్ల దగ్గర తగిలే రబ్బరు తోక. ఒక్కోదానికీ ఒక ‘డి’ లెక్కేసుకున్నారు. ఈ రైడులో అబద్ధమంటూ ఏదైనా ఉంటే బోర్డు మీదున్న ఆ అంకె ఒక్కటే. లోపలున్నది నిజం.

లోపలున్నది నిజం కాబట్టే నాకు భయం కూడా.

పెద్దమ్మతో వెళ్లి వచ్చిన రెండు నెలలకు అదే పెట్టె దగ్గర మళ్లీ నిలబడ్డాను. ఆరేళ్ల పాప ఒకతె చివరి కుర్చీలో కూర్చుంది. కాళ్లు నేలకు అందడం లేదు, పాదం కింద పీట కూడా లేదు. నడుము బెల్టు కొక్కెం పెట్టింది గానీ ‘టక్’ మని పడలేదు. వదిలేస్తే బెల్టు నాలుక బయటికి జారింది. పాప దాన్ని రెండు చేతులతో అలాగే పట్టుకుని కూర్చుంది, ఊడిపోకుండా. ముందు కడ్డీ మీద స్పాంజి చిరిగి లోపలి ఇనుము కనిపిస్తోంది. మెషీన్ నడిపే అబ్బాయికి పందొమ్మిదేళ్లుంటాయేమో, పొద్దున పదికి వచ్చి రాత్రి పది దాకా నిలబడే ఉద్యోగం. తలుపు వేసి బటన్ నొక్కబోతుంటే ఆపి చూపించాను. నన్ను కోప్పడలేదు, ధైర్యం చెప్పాడు: “ఏం గాదు అన్నా, ఇది ఊకనే ఊగుతది. యాడికి వోతది?”

ఆ మాట విన్నప్పుడు నాకు పెద్దమ్మ మనవడు గుర్తొచ్చాడు. ఇద్దరూ ఒకే మాట అన్నారు. ఒకరి నోట అది సరదా, ఇంకొకరి నోట అదే నిర్లక్ష్యం. ఆ అబ్బాయిని నేను తప్పుపట్టను. అతనికి ఎవరూ నేర్పలేదు. మొత్తం ఊరు ఉత్తదే అంటుంటే అతను మాత్రం ఏమనుకుంటాడు? ఆ వేదిక మీద కుర్చీలు, మనుషులు కలిపి టన్ను దాకా బరువు ఉంటుంది. దాన్ని సెకనులో అటూ ఇటూ విసిరే మోటార్లు కింద ఉన్నాయి. వేదికకూ నేలకూ మధ్య సందులో ఒక చెయ్యి, ఒక చున్నీ, ఒక చిన్న పాదం పడితే అది ఏ గిర్నీ పట్టాకూ తీసిపోదు. మెడనొప్పి ఉన్నవాళ్లు, వెన్ను ఆపరేషన్ అయినవాళ్లు, గర్భిణులు, మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్లు ఎక్కకూడదని తయారుచేసినవాళ్లే చెబుతారు. ఆ బోర్డు ఎక్కడో తలుపు వెనక, అదీ ఇంగ్లిష్‌లో ఉంటుంది. గుడ్డు ఆకారపు కుర్చీల్లో కూర్చోబెట్టి తలకు తగిలించే హెడ్‌సెట్లకు వయసు పరిమితి ఉంటుంది, అయిదేళ్ల పిల్లలకూ తగిలిస్తారు. మా పెద్దమ్మను ఎక్కించేముందు బీపీ ఉందా అని ఎవరూ అడగలేదు. నిజం చెప్పాలంటే నేనూ అడగలేదు. ఆ తప్పు నాది.

పెద్ద రైడు కూలితే పేపర్లో వస్తుంది. 2019 జూలైలో అహ్మదాబాద్ కాంకరియాలో ఊగే రైడు విరిగి ఇద్దరు పోతే దేశమంతా చూసింది. లోపలి ఆటల జాగా గురించి మాత్రం మనకు బుద్ధి వచ్చింది 2024 మే 25న. రాజ్‌కోట్‌లో టీఆర్‌పీ గేమ్ జోన్‌లో మంటలు లేచాయి. వెల్డింగ్ నిప్పురవ్వలు, రేకుల షెడ్డు, లోపల నిల్వ ఉంచిన ఇంధనం, చాలీచాలని దారి, అగ్నిమాపక శాఖ అనుమతి లేదు. 27 మంది కాలిపోయారు, వాళ్లలో పిల్లలున్నారు. వాళ్లలో ఎవరినీ ఏ రైడూ కింద పడేయలేదు. ‘లోపలే కదా, ఆటలే కదా’ అన్న ధోరణి వాళ్లను చంపింది. మంట లేచినప్పుడు చీకటి పెట్టెలో బెల్టు పెట్టుకుని, చెవులు హోరెత్తే శబ్దంలో, తెర మీదే కళ్లు పెట్టిన తొమ్మిది మందికి బయట అలారం మోగితే వినిపిస్తుందా? ఈ ప్రశ్న ఏ మాల్‌లో అడిగినా నాకు సూటిగా జవాబు రాలేదు. సినిమాహాలుకు అత్యవసర ద్వారాలు ఎన్నుండాలో, దీపాలు ఎక్కడుండాలో చట్టం చెబుతుంది. సినిమాహాల్లో కుర్చీ కదలదు, బెల్టు ఉండదు. కదిలే కుర్చీ, బెల్టు ఉన్న చోట అంతకన్నా తక్కువ జాగ్రత్త చాలని ఎవరు నిర్ణయించారు?

ఒక విషయం ఇక్కడ చెప్పక తప్పదు. ఇలాంటి రైడుకు ఒక తొలి రూపాన్ని 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో పెట్టినవాడు జార్జ్ హేల్. రైలు పెట్టెలో జనాన్ని కూర్చోబెట్టి, ముందు సినిమా ఆడిస్తూ, పెట్టెను కుదిపేవాడు. ఆయన అంతకుముందు కాన్సాస్ సిటీలో చేసిన ఉద్యోగం ఏమిటో తెలుసా? అగ్నిమాపక దళాధిపతి.

రూల్స్ పెడితే చిన్న వ్యాపారం మూతపడుతుందని నాతో వాదించిన మిత్రులున్నారు. నేను గొంతెమ్మ కోర్కెలు కోరడం లేదు. వినోద రైడ్ల భద్రతకు భారతీయ ప్రమాణాల సంస్థ రాసిపెట్టిన ప్రమాణాలు ఉండనే ఉన్నాయి. జెయింట్ వీల్‌కు అడిగిన తనిఖీనే ఈ పెట్టెకూ అడగండి. చివరిసారి తనిఖీ ఎప్పుడు జరిగిందో, ఎంత బరువు మోస్తుందో, ఎంత ఎత్తు పిల్లలు ఎక్కొచ్చో తెలుగులో, ఉర్దూలో పలక రాసి తలుపు ముందు పెట్టమనండి. బెల్టు పడకపోతే యంత్రం కదలకుండా చేసే ఏర్పాటు మంచి తయారీదార్ల దగ్గర ముందే ఉంటుంది. దాన్ని తీసేసి నడపొద్దు. ఫైర్ అలారం మోగితే తెర ఆగి, లైటు వెలిగి, వేదిక సమంగా దిగి, తలుపు తెరుచుకోవాలి. బటన్ దగ్గర నిలబడే అబ్బాయికి నాలుగు రోజుల శిక్షణ, కూర్చోవడానికి ఒక స్టూలు, మధ్యాహ్నం అన్నం తినే వేళ అతనికి బదులు ఇంకో మనిషి. పన్నెండు గంటలు నిలబడ్డవాడి కళ్లు కొక్కేన్ని చూడలేవు. ఇందులో ఏ వ్యాపారం మునిగిపోతుంది?

ఇవి పెట్టాలంటే ముందు ఆ పెట్టెను యంత్రమని ఒప్పుకోవాలి. ఉత్తదే అన్నంత కాలం అధికారి అటు తొంగి చూడడు, యజమాని బెల్టు మార్చడు, తండ్రి అడగడు. ఆ పాప రెండు చేతులతో కొక్కేన్ని పట్టుకునే కూర్చుంటుంది.

పెద్దమ్మ మళ్లీ ఎక్కుతానంటోంది. ఈసారి బీపీ చూపించి తీసుకెళతాను. మీరు మీ పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు తెర మొదలయ్యే ముందు కొక్కెం మీరే లాగి చూడండి, ఎదుటి వాళ్లది కూడా. టక్‌మని పడకపోతే యంత్రం ఆపమనండి. ఆపకపోతే దిగిపోయి, డబ్బు వెనక్కి అడగండి.